టెర్మినల్ ఇవ్వకుండా పని అప్పగించడం: స్క్రిప్టుకు వెబ్ ఫారం ఎందుకు? ఎలా?

నెలాఖరు రిపోర్టు తీసే స్క్రిప్టు, బ్యాకప్ తీసే స్క్రిప్టు, ఆగిపోయిన సర్వీసును మళ్లీ లేపే స్క్రిప్టు. రాసింది ఒకరే అయినా అవసరం పదిమందిది. ఆ ఒక్కరు సెలవు పెడితే పదిమంది పనీ ఆగుతుంది. స్క్రిప్టు ముందు వెబ్ ఫారం పెట్టాలన్న ఆలోచన సాధారణంగా ఇక్కడే మొదలవుతుంది.

అందరికీ సర్వర్ లాగిన్ ఇచ్చేస్తే పోలేదా?

రిపోర్టు కోసం లాగిన్ అయినవారు ఒక్క తప్పు కమాండుతో ఫోల్డరునే చెరిపేయగలరు. దానికి దురుద్దేశం అక్కర్లేదు, తొందరపాటు చాలు. బ్యాంకులో చలానా నింపి కౌంటర్లో ఇస్తాం, అంతేగాని లాకర్ గదిలోకి వెళ్లం. ఫారం చేసేదీ అదే. ఏ పని చేయించుకోవచ్చో, ఏ వివరాలు మార్చవచ్చో ముందే గీత గీస్తుంది. వాడేవారికి సులువు కావడం రెండో లాభమే.

ఇది కొత్త పద్ధతా?

కాదు. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఉన్న ఎన్‌సీఎస్‌ఏ కేంద్రం 1993లోనే సీజీఐ అనే ఏర్పాటు తెచ్చింది. ఫారంలో నింపిన విలువలను వెబ్ సర్వర్ ఒక ప్రోగ్రాముకు అందిస్తుంది, అది ఇచ్చిన జవాబును బ్రౌజర్‌కు పంపుతుంది. పైథాన్ భాష 2024లో వచ్చిన 3.13 వెర్షన్‌తో తన సీజీఐ మాడ్యూల్‌ను తీసేసింది. సాధనం పాతబడిందేగాని అవసరం పోలేదు.

ఇప్పుడు ఎలా పెట్టుకోవాలి?

పైథాన్‌లో రాసిన స్క్రిప్ట్ సర్వర్ అనే ఓపెన్ సోర్స్ సాధనం ఉంది. దీనికోసం మీ స్క్రిప్టును తిరగరాయనక్కర్లేదు. ఒక్కో స్క్రిప్టుకు ఒక్కో చిన్న జేసన్ ఫైలు రాస్తే చాలు: పేరు, స్క్రిప్టు ఎక్కడుంది, ఏ విలువలు అడగాలి, ఎవరు వాడవచ్చు. సర్వర్‌ను నడిపి బ్రౌజర్‌లో 5000 పోర్టు తెరిస్తే ఫారం సిద్ధంగా ఉంటుంది. స్క్రిప్టు నడుస్తుండగానే దాని అవుట్‌పుట్ తెర మీద కనిపిస్తుంది, ఎవరు ఎప్పుడు నడిపారో చరిత్రలో మిగులుతుంది. లాగిన్ పెట్టడం, దాని ముందు ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్‌ను నిలిపి హెచ్‌టీటీపీఎస్ ఇవ్వడం మొదటిరోజే చేయాలి. లేకపోతే ఆ చిరునామా తెలిసినవాళ్లంతా మీ స్క్రిప్టులు నడిపేస్తారు.

ఫారంలో ఎవరైనా పిచ్చిరాతలు రాస్తే?

అసలు ప్రమాదం అక్కడే. ఎన్‌సీఎస్‌ఏ, అపాచీ సర్వర్లతోపాటు నమూనాగా పీహెచ్ఎఫ్ అనే స్క్రిప్టు వచ్చేది. దాని పని ఫోన్ నంబర్లు వెతకడం. షెల్‌కు ప్రత్యేక అర్థమిచ్చే గుర్తులను అది వడకట్టేదిగాని, కొత్త వరుసను సూచించే గుర్తును వదిలేసింది. ఆ సందులోంచి ఎవరైనా తమ కమాండును జొప్పించి పాస్‌వర్డ్ ఫైలును చదివేయగలిగేవారు. 1996లో దీనిపై హెచ్చరికలు వెలువడ్డాయి.

ప్రమాదకరమైన గుర్తులను ఏరిపారేయబోతే ఏదో ఒకటి తప్పించుకుంటుంది. అందుకే అనుమతించేవాటినే పేర్కొనాలి. జిల్లా పేరును టైపు చేయించకుండా జాబితాలోంచి ఎంచుకోమనండి. సంఖ్యకు కనిష్ఠం, గరిష్ఠం పెట్టండి. విలువలన్నిటినీ ఒకే వాక్యంగా అతికించి షెల్‌కు ఇవ్వకుండా, విడివిడి ఆర్గ్యుమెంట్లుగా పంపండి. హైఫన్‌తో మొదలయ్యే విలువను ప్రోగ్రాము ఆప్షన్‌గా పొరబడవచ్చు, అదీ చూసుకోవాలి. బ్రౌజర్‌లో చేసే తనిఖీ సౌకర్యం కోసమే. దాన్ని దాటవేయడం తేలిక కాబట్టి సర్వర్ వైపు మళ్లీ తనిఖీ తప్పదు.

స్క్రిప్టు ఎవరి హక్కులతో నడుస్తుంది?

బటన్ నొక్కినవారి హక్కులతో కాదు, మామూలుగా సర్వర్ ప్రోగ్రాము ఏ యూజర్ పేరుతో నడుస్తోందో ఆ యూజర్ హక్కులతో. చాలామంది మరిచిపోయేది ఇదే. రూట్‌గా నడిపితే గీసిన గీతలన్నీ వృథా. దీనికోసమే ఒక యూజర్‌ను సృష్టించండి. ఎక్కువ హక్కు కావాల్సిన కమాండు ఒకటుంటే సుడోలో ఆ ఒక్కదానికే అనుమతి ఇవ్వండి. స్క్రిప్టు ఫైళ్లను మార్చే హక్కు మాత్రం ఆ యూజర్‌కు ఉండకూడదు.

పది నిమిషాల పని మధ్యలో ఆగిపోతే?

వెనకున్న స్క్రిప్ట్ సర్వర్ నుంచి 60 సెకన్లపాటు ఏ డేటా రాకపోతే ఎన్‌జిన్‌ఎక్స్ మామూలుగా కనెక్షన్ తెంచేస్తుంది. లోపల స్క్రిప్టు నడుస్తూనే ఉండవచ్చు, చూసేవారు మాత్రం ఆగిపోయిందనుకుని మళ్లీ నొక్కుతారు. గడువు పెంచడం, స్క్రిప్టు మధ్యమధ్య ఒక వరుస ముద్రించడం సగం మందు. ఫ్లాక్ అనే కమాండుతో తాళం వేసి ఒకేసారి రెండు నడవకుండా చూడడం మిగతా సగం. విఫలమైతే స్క్రిప్టు సున్నా కాని ఎగ్జిట్ కోడ్ ఇవ్వాలి. అది లేకుంటే విరిగిన పని కూడా విజయంగానే నమోదవుతుంది.

ప్రతి స్క్రిప్టుకూ ఫారం పెట్టవచ్చా?

పెట్టకండి. ‘కమాండు ఇక్కడ రాయండి’ అనే గడి అవసరమైందంటే అది ఫారం కాదు, వేషం మార్చిన టెర్మినల్. చెరిపే పనులకు ముందు, ఏవేవి పోతాయో చూపించే ఉత్తుత్తి పరుగు ఒకటి ఉండాలి. జేసన్ ఫైలు రాసేముందు మూడు ప్రశ్నలకు జవాబు రాసుకోండి: ఎవరు నొక్కుతారు, ఏ విలువలు ఇస్తారు, అన్నీ తప్పుగా ఇస్తే జరిగే నష్టమెంత? మూడోదానికి జవాబు దొరకని స్క్రిప్టును ఇంకొన్నాళ్లు మీ చేతిలోనే ఉంచుకోండి.