బోధగ్రంథము, ఆకరగ్రంథము: జాంగో నిదర్శనము

శాస్త్రమును నిర్మించుట ఒక పని. దానిని అపరిచితునకు నేర్పుట వేరొక పని. ఈ భేదము మన వైయాకరణులకు చిరపరిచితము. గడచిన యిరువది యేండ్లలో, కంప్యూటరు రంగమున వెల లేక పంచిపెట్టబడు సాధనముల వ్యాప్తికై వెలువడిన పుస్తకములందును, పాఠములందును ఇదే భేదము మరల తలయెత్తినది. భాషాశాఖలు వీనిని వాఙ్మయముగ పరిగణించుట అరుదు. గద్యశైలిని, పరిభాషను, అనువాదమును పరిశీలించువారు వీనిని విడిచిపెట్టుట తగదని నా యభిప్రాయము. నిదర్శనముగ జాంగో అను వెబ్ ఫ్రేమ్‌వర్క్‌ను గైకొనుచున్నాను.

ఫ్రేమ్‌వర్క్ అనగా ఇల్లు కాదు. ఇంటికై ముందుగ నిలిపియుంచిన స్తంభములు, దూలములు. చదువరి కోరిన పుట యేదో గుర్తించుట, దానికి వలసిన సమాచారమును డేటాబేసు నుండి తెచ్చుట, పుటగ కూర్చి పంపుట మొదలగు పనులు ఏ వెబ్‌సైటు కట్టువానికైనను తప్పవు. అవి యందు సిద్ధముగ నుండును. జాంగో 2003లో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రమున, లారెన్స్ పట్టణపు వార్తాపత్రిక లారెన్స్ జర్నల్-వరల్డ్ కార్యాలయమున పుట్టినది. అడ్రియన్ హొలొవాటి, సైమన్ విల్లిసన్ దాని నారంభించిరి. జేకబ్ కాప్లన్-మాస్ పిమ్మట చేరెను. జాంగో రైన్‌హార్ట్ అను గిటారు విద్వాంసుని పేరు దానికి పెట్టి, 2005 జూలైలో దాని మూలమును లోకమున కర్పించిరి. ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును. ఓపెన్ సోర్స్ అను మాటకు అర్థ మిదియే.

వెల లేని వస్తువునకు అమ్మకపు సొమ్ము లేదు, ప్రకటనలకు సొమ్మెక్కడిది? కావున దానిని నేర్పు పుస్తకమే దానికి ప్రచారకము. రూబీ ఆన్ రైల్స్ అను మరియొక ఫ్రేమ్‌వర్క్ విషయమున ఇది స్పష్టముగ కనబడును. దాని కర్త డేవిడ్ హైన్‌మయర్ హాన్సన్, డేవ్ థామస్‌తో కలిసి వ్రాసిన పుస్తకము 2005లో, సాధనము యొక్క 1.0 రూపము వెలువడుటకు మునుపే అచ్చయినది. మూలము స్థిరపడకమునుపే వ్యాఖ్య బయలుదేరినదన్నమాట.

జాంగో కథయు నట్టిదే. హొలొవాటి, కాప్లన్-మాస్ తమ గ్రంథము యొక్క అధ్యాయములను ఒక్కటొక్కటిగ వెబ్‌లో నుంచి, పేరా పేరాకును చదువరుల వ్యాఖ్యలను స్వీకరించిరి. మన తాళపత్రముల అంచులందు టిప్పణములు గ్రంథము ముగిసిన పిమ్మట చేరెడివి. ఇచట పాఠము నిర్ణయము కాకమునుపే చేరినవి. 2007 డిసెంబరులో ఏప్రెస్ సంస్థ దానిని అచ్చువేసి అమ్మినది. అదే పాఠము వెబ్‌లో ఉచితముగను లభించెను. అయిన నేమి? ఆ పుస్తకము 0.96 రూపమును వర్ణించినది. 2008 సెప్టెంబరులో 1.0 వచ్చుటతో అందలి పలు భాగములు పాతబడినవి. 2009లో రెండవ కూర్పు అవసరమైనది. అచ్చు పుస్తకమునకు ఈ రంగమున ఆయుర్దాయము తక్కువ. అందుచేతనే జాంగో నిర్వాహకులు ఆకరభాగమును, బోధపాఠమును మూలముతోపాటే ఒక్క భాండారమున నిలిపిరి. క్రొత్త సౌకర్యమును ప్రతిపాదించువాడు దాని వివరణమును గూడ వ్రాసి తేవలెను. లేఖకుని పని మూలకర్త పనిలో భాగమయ్యెను. ఈ నియమమే ఆ సాధనమునకు కీర్తి తెచ్చినదని నేను తలంతును.

ఇక బోధపాఠము. జాంగోతో వచ్చు పాఠము విద్యార్థిచేత ఒక చిన్న ఓటింగు పనిముట్టును కట్టించును: ఒక ప్రశ్న, కొన్ని సమాధానములు, ఓట్ల లెక్క. మొదటి భాగమున అతడు చేయునది సర్వరును నడిపి, ఒక చిన్న వాక్యమును తెరపై చూచుట మాత్రమే. డేటాబేసు ప్రసక్తి రెండవ భాగమున గాని రాదు. ఆకరగ్రంథకర్త అయినచో దానితోనే ఆరంభించును; తక్కినదంతయు దానిపై నిలుచును గదా. పాఠకర్త మాత్రము విద్యార్థి కన్ను ముందుగ దేనిని చూడగలదో దానిని పట్టును.

పాణిని సుమారు నాలుగు వేల సూత్రములను లాఘవదృష్టితో అమర్చెను. ఒక్క రూపము సాధింపవలెనన్న పలు అధ్యాయములను తడవవలెను. 17వ శతాబ్దమున భట్టోజి దీక్షితుడు ఆ సూత్రములనే ప్రక్రియ ననుసరించి పేర్చెను. ఆయన శిష్యుడు వరదరాజు దానిని సంగ్రహించెను. సూత్రములు మారలేదు, క్రమము మారెను. సామ్య మంతవరకే. కౌముది సూత్రములన్నిటిని వ్యాఖ్యానించుటకు పూనుకొనును. ఈ పాఠము ఎక్కువ భాగమును కావలెననియే విడిచిపెట్టును. (చిన్నయసూరి 1858 నాటి వ్యాకరణమునకు పేరున బాలలున్నను, అది సూత్రరూపమే, దానిని బోధగ్రంథమనుటకు నేను సాహసింపను.)

ఒక విశేషము చెప్పవలెను. రెండవ భాగమున, ప్రశ్న ఇటీవల ప్రకటింపబడినదా యని తెలుపు ఒక చిన్న విధిని విద్యార్థిచేత వ్రాయింతురు. రాబోవు తేదీ వేసిన ప్రశ్నను గూడ అది 'ఇటీవలిదే' యనును. పాఠమప్పుడు మాటాడదు. పరీక్షలు వ్రాయుట నేర్పు ఐదవ భాగమున ఆ దోషమును బయటపెట్టి, పరీక్ష విఫలమగుటను చూపి, దిద్దించును. అంతవరకు విద్యార్థి తెలియకయే దానిని మోసికొనివచ్చును. పూర్వపక్షమును మనవారు ఇతరుని నోట పలికింతురు. ఇచట విద్యార్థి స్వహస్తముతోనే వ్రాయును. ఆకరగ్రంథమున ఇట్టిది అపచారము. బోధగ్రంథమున ఇదియే నేర్పు.

జాంగో బృందమున పనిచేసిన డానియేలె ప్రోసిడా అట్టి రచనలను పాఠము, కార్యవిధి, ఆకరము, వివరణ అని నాలుగుగ విభజించి, ఆ పద్ధతికి డయాటాక్సిస్ అని పేరుపెట్టెను. ఒకదాని గుణము వేరొకదానిలో దోషమగునని ఆయన వాదము. 2014 జూలైలో బెర్లిన్ నగరమున యూరోపైథాన్ సమావేశముననే ఓలా సిటార్స్కా, ఓలా సెండెట్స్కా ఆరంభించిన జాంగో గర్ల్స్ శిబిరపు పాఠము ఇంకను ఒక మెట్టు దిగువనుండి మొదలిడును: ఇంటర్నెట్టు అన నేమి, ఆజ్ఞలు టైపుచేయు తెర యెట్లుండును? అనుమతి యడుగక అనువదించుటకు వీలుగ దానిని క్రియేటివ్ కామన్స్ లైసెన్సు క్రింద విడుదల చేసిరి. స్వచ్ఛందసేవకులు పలు భాషలలోనికి మార్చిరి.

తెలుగున నిట్టి పాఠమును వ్రాయబూనువానికి రెండు చిక్కులెదురగును. జాంగోలోని బొత్తాముల మాటలకు, హెచ్చరికలకు తెలుగు రూపములున్నవి. కాని విడిమాటలు వేరు, బోధ వేరు. మొదటి చిక్కు పరిభాష. జాంగోలో 'వ్యూ' అనగా కోరికను గైకొని సమాధానమిచ్చు విధి. కంటి కగపడు పుటను రూపొందించునది 'టెంప్లేటు'. 'వ్యూ'ను 'దృశ్యము' అని తెనిగించినచో విద్యార్థి టెంప్లేటునే అది యనుకొనును. 'వ్యూ' అనియే యుంచుట మేలని నా మతము.

రెండవది వాక్యము. 'తెరచి, వ్రాసి, భద్రపరచి, నడిపి చూడుము' అని క్త్వార్థకములతో నాలుగు పనులను ఒక్క వాక్యమున కూర్చుట తెలుగునకు సహజము. పని జరుగు క్రమమే మాటల క్రమమగును. ఇంత చక్కని సౌకర్యము ఇంగ్లీషునకు లేదు. అయినను తెరపై తప్పు చూపినపుడు, నాలుగింటిలో ఏది చెడినదో ఆ వాక్యము చెప్పజాలదు. కావున ఒక్క పనికి ఒక్క సమాపకక్రియ పెట్టి, దాని వెంట ఏమి కనబడవలెనో వ్రాసి, పిదప తరువాతి వాక్యమునకు పోవలెను. మా విశ్వవిద్యాలయమున తెలుగు మాతృభాషగ గల విద్యార్థులు ఇంగ్లీషు పాఠములను ముందు పెట్టుకొని తమలో తాము తెలుగున వివరించుకొనునపుడు వినినచో, ఈ రెండవ తీరుననే వాక్యములు విరుచుచుందురు.