కొమ్మకు వేళ్లు ఎలా వస్తాయి?

మల్లె కొమ్మ కోసి నాటుతాం. మందారం కొమ్మ నాటుతాం. మునగ కొమ్మ నాటుతాం. గింజ లేదు, వేరు లేదు. అయినా కొన్నాళ్లకు కొమ్మ చిగురు వేస్తుంది. మట్టిలో వేళ్లు దిగుతాయి.

కొన్నిసార్లు కొమ్మ ఎండిపోతుంది. అప్పుడు ఊళ్లో ఏమంటారు? "ఆమె చెయ్యి మంచిది కాదు" అంటారు. "నెలసరిలో తాకింది, అందుకే మాడిపోయింది" అంటారు. ఇది నిజమేనా? వేరు ఎలా పుడుతుందో తెలుసుకుందాం. జవాబు మనకే దొరుకుతుంది.

కొన నుండి దిగే పదార్థం

ఇల్లు ఇటుకలతో కడతాం. అలాగే మొక్క శరీరం కణాలతో తయారవుతుంది. కణాలు చాలా చిన్నవి. మామూలుగా కంటికి కనిపించవు. ఒక కణం రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. మొక్క పెరిగేది ఇలాగే.

కొమ్మ కొనలో లేత మొగ్గ, లేత ఆకులు ఉంటాయి. అక్కడ ఒక పదార్థం తయారవుతుంది. దాని పేరు ఆక్సిన్. ఉండేది కొంచెమే. చేసే పని మాత్రం పెద్దది.

దీన్ని పట్టుకున్నది నెదర్లాండ్స్ దేశపు శాస్త్రవేత్త వెంట్. ఆయన 1926-28 సంవత్సరాలలో ఓట్స్ అనే ధాన్యం మొలకలపై పరీక్ష చేశాడు. మొలకల కొనలు కోసి మెత్తని జెల్లీ మీద పెట్టాడు. తరువాత కొనలు తీసేశాడు. ఆ జెల్లీ ముక్కను కొన లేని మొలక మీద ఒక పక్కగా ఉంచాడు. ఆ పక్క ఎక్కువ పెరిగి మొలక వంగింది. అంటే కొనలోని పదార్థం జెల్లీలోకి దిగిందన్నమాట. అదే ఆక్సిన్.

ఆక్సిన్ కొమ్మలో పైనుండి కిందికి దిగుతుంది. కొమ్మ కోస్తే దాని దారి తెగిపోతుంది. కాలువకు అడ్డుకట్ట వేస్తే నీళ్లు నిలుస్తాయి కదా! అలాగే కోసిన చోట ఆక్సిన్ పోగవుతుంది. అక్కడి కణాలు మేలుకుంటాయి. కొత్త కణాలు పుట్టి వేరుగా మారతాయి.

ఆక్సిన్‌కు తోడు

ఆక్సిన్ ఒక్కటే ఈ పని చేయదు. పాలీఅమైన్లు అనే పదార్థాలు కూడా తోడుపడతాయి. పుట్రెసిన్, స్పెర్మిడిన్, స్పెర్మిన్ అనేవి వీటిలో ముఖ్యమైనవి. ఇవి మొక్కల్లో ఉన్నాయి. పశువుల్లో ఉన్నాయి. మనలోనూ ఉన్నాయి. కణాలు పెరగడానికి, రెండుగా విడిపోవడానికి ఇవి కావాలి.

1990లలో ఐరోపాలో పోప్లార్ అనే చెట్టు కొమ్మలపై పరీక్షలు జరిగాయి. ఆక్సిన్ లాంటి మందు తగలగానే కొమ్మలో పుట్రెసిన్ పెరిగింది. పుట్రెసిన్ తయారు కాకుండా ఆపితే వేళ్లు తగ్గాయి. అంటే వేరు పుట్టే మొదటి గంటల్లోనే దీని అవసరం ఉంది. అయితే అన్ని మొక్కలూ ఒకేలా ఉండవు. మల్లె కొమ్మకు వేళ్లు సులువుగా వస్తాయి. మామిడి కొమ్మకు రావడం చాలా కష్టం. అందుకే మామిడికి అంటు కడతారు.

పాలీఅమైన్లు మనం కొనక్కర్లేదు. కొమ్మే తయారు చేసుకుంటుంది. దాని పని దాన్ని చేసుకోనిస్తే చాలు.

మనం ఏం చేయాలి?

1. తెగులు లేని కొమ్మ తీసుకోండి. మల్లెకైతే జానెడు ముక్క, మూడు నాలుగు కణుపులు ఉంటే చాలు.

2. కణుపు కిందుగా పదునైన కత్తితో కోయండి. కింది కోత ఏటవాలుగా, పై కోత తిన్నగా ఉంచండి. అప్పుడు కొమ్మను తలకిందులుగా నాటే పొరపాటు రాదు.

3. కింది ఆకులు తీసేయండి. పైన రెండు మూడు ఉంచండి. అన్నీ ఉంచితే కొమ్మలో నీరు ఆరిపోతుంది.

4. నీడలో ఉంచండి. మట్టి తడిగా ఉండాలి, నీళ్లు నిలవకూడదు. నీళ్లు నిలిస్తే గాలి అందదు. కొమ్మ కుళ్లిపోతుంది.

5. వేరు వచ్చిందా అని రోజూ పీకి చూడకండి. లేత వేళ్లు తెగిపోతాయి.

పొడి వాడాలా?

నర్సరీల వాళ్లు వేళ్లు రావడానికి ఒక పొడి వాడతారు. అందులో ఎక్కువగా ఉండేది ఐ.బి.ఎ. అనే మందు. ఇదీ ఒక ఆక్సినే. ఇది వేళ్లు పుట్టిస్తుందని 1935లో అమెరికాలో తేల్చారు. మామూలుగా వెయ్యి గ్రాముల పొడిలో ఈ మందు ఒక గ్రాము నుండి ఎనిమిది గ్రాముల వరకే ఉంటుంది. లేత కొమ్మకు తక్కువ మందున్న పొడి, ముదురు కొమ్మకు ఎక్కువ మందున్న పొడి వాడాలి. కోసిన చోట కొంచెం అద్ది, మిగిలింది దులపాలి. ఎక్కువైతే మొదలు నల్లబడి కొమ్మ చచ్చిపోతుంది. పొడిని పిల్లలకు అందకుండా దాచండి. పని అయ్యాక చేతులు కడుక్కోండి.

మల్లె, మందారాలకు ఈ పొడి లేకపోయినా ఫరవాలేదు. డబ్బు మిగులుతుంది.

ఇప్పుడు చెప్పండి. కొమ్మ ఎండితే కారణం ఏమిటి? ఎండ ఎక్కువై ఉండవచ్చు. నీళ్లు నిలిచి ఉండవచ్చు. కొమ్మ ముదిరిపోయి ఉండవచ్చు. నెలసరిలో ఉన్న ఆడమనిషి తాకితే ఆక్సిన్ ఆగిపోదు. భర్త లేని ఆమె నాటినా కొమ్మకు వేరు వస్తుంది. కొమ్మకు తెలిసినవి తడి, నీడ, గాలి. ఎవరు నాటారో దానికి తెలియదు.

ఈసారి ఎవరైనా "చెయ్యి మంచిది కాదు" అంటే మీరేం చెబుతారు? మీ సంఘంలో మాట్లాడుకోండి. పది మల్లె కొమ్మలు నాటి చూడండి. ఎన్నిటికి వేళ్లు వచ్చాయో నోటుపుస్తకంలో రాయండి.