కొనేవాడు అడిగితేనే తేనెటీగ బతుకుతుంది

పొద్దుతిరుగుడు వేసిన రైతులకు ఈ అనుభవం కొత్త కాదు. పువ్వు పళ్లెమంత విచ్చుకుంటుంది. దారిన పోయేవాళ్లు ఆగి చూసి ఈసారి పంట బాగా వచ్చిందని మెచ్చుకుంటారు. తీరా కోసి, ఎండబెట్టి, కొట్టి చూస్తే నడిమి గింజలన్నీ తాలు. విత్తనం మంచిది కాదనో, తడి చాలలేదనో అనుకుంటాం. అవీ కారణాలే. కానీ పూత మీద ఉన్నప్పుడు చేలో తేనెటీగలు తిరిగాయా లేదా అని మనలో ఎంతమంది చూసుకున్నాం?

పొద్దుతిరుగుడు పువ్వు నిజానికి ఒక్క పువ్వు కాదు. వందల చిన్న పువ్వుల గుత్తి. అంచు నుంచి నడిమికి వరసవరసగా విచ్చుకుంటుంది. ఒక్కో చిన్న పువ్వులో పుప్పొడి ముందు బయటికి వస్తుంది, దాన్ని అందుకోవాల్సిన కీలాగ్రం ఆ తర్వాత వస్తుంది. అందుకని వేరే పువ్వు పుప్పొడిని ఎవరో ఒకరు తెచ్చి అంటించాలి. ఈ పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది కాబట్టి గాలికి ఎక్కువ దూరం పోదు. తేనెటీగే తేవాలి.

అది రాకపోతే ఆ పని మనమే చేయాలి. పూత దశలో ఉదయం 9 నుంచి 11 గంటల మధ్య, రోజు విడిచి రోజు, రెండు వారాలపాటు మెత్తటి గుడ్డతో పువ్వులను రుద్దమని శాస్త్రవేత్తలు చెప్పేది ఇందుకే. దానికి కూలి ఎంతవుతుందో లెక్కేసుకోండి. ఈగ ఆ పని ఊరికే చేసి పెడుతుంది. గుమ్మడి, దోస, పుచ్చ పాదుల్లో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. ఈగ రాకపోతే పిందె పండుబారి రాలిపోతుంది.

కొట్టులో అడగాల్సిన మాట

పురుగు కనబడగానే ఓ ఆకు తెంపుకొని మందుల కొట్టుకు వెళతాం. 'దీనికేదైనా ఇవ్వండి' అంటాం. కొట్టాయన రెండు మూడు సీసాలు ముందు పెట్టి, కలిపి కొట్టమంటాడు. పాత బాకీ ఆయన దగ్గరే ఉంటుంది కాబట్టి మనం ఎదురు మాట్లాడం. చిన్న రైతుకు ఉండే ఇబ్బంది ఇదే.

అయినా ఒక్క మాట అడగండి. 'చేను పూత మీద ఉందండీ. ఈగలకు హాని చేయని మందు ఉందా?' ఒకరు అడిగితే ఆయన నవ్వి ఊరుకోవచ్చు. ఊళ్లో పదిమంది అడిగితే వచ్చే పంటకు ఆ సరుకు తెప్పిస్తాడు. ఏది అమ్ముడుపోతే అదే తెచ్చి పెట్టడం వ్యాపారి లక్షణం.

శనగపచ్చ పురుగుకు ఎన్.పి.వి. ద్రావణం, బి.టి. మందు, వేప సంబంధ మందులు ఉన్నాయి. మొదటి రెండూ ఈగల జోలికి పోవు. వేప మందు కూడా ఈగలు తిరగని వేళలోనే కొట్టాలి. వీటికి తోడు ఎకరాకు 4 లింగాకర్షక బుట్టలు పెట్టి, పిట్టలు వాలేందుకు అక్కడక్కడా కొమ్మలు పాతితే పురుగు అదుపులో ఉంటుంది.

సీసా మీద రంగు త్రికోణం చూసి మోసపోవద్దు. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ గుర్తులు మనిషికి ఎంత ప్రమాదమో చెప్పేవి, ఈగ సంగతి చెప్పేవి కావు. సీసాతో వచ్చే కరపత్రం అడిగి తీసుకోండి, చదవడం రాకపోతే బడికెళ్లే పిల్లలతో చదివించుకోండి. ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సామ్ లాంటి మందులు మొక్క లోపలికి ఇంకి మకరందంలోకి, పుప్పొడిలోకి కూడా చేరతాయి. ఈ రెండింటితోపాటు క్లోథయానిడిన్‌ను కూడా ఆరుబయట పంటలపై వాడకుండా ఐరోపా సమాఖ్య 2018లో నిషేధించింది. తేనెటీగలకు హాని అన్నదే కారణం.

తప్పనిసరై రసాయన మందు కొట్టాల్సి వస్తే ఈగలు గూటికి చేరిన తర్వాత, పొద్దువాలాక కొట్టండి. పొడి మందులు ఇంకా చేటు. ఈగ ఒంటికి అంటుకున్న పొడి గూడు దాకా వెళుతుంది.

పెట్టెలవాణ్ణి తరమకండి

తేనె పెట్టెలు తెచ్చి చేను పక్కన పెడతానంటే కొందరు ఒప్పుకోరు. ఈగలు పంట సారం పీల్చేస్తాయని వాళ్ల భయం. అది అపోహ. పొద్దుతిరుగుడు చేలో ఎకరాకు 2 పెట్టెలు ఉంటే గింజ నిండుతుంది. హిమాచల్ ప్రదేశ్‌లో ఆపిల్ తోటలవాళ్లు పూత రోజుల్లో ఈ పెట్టెలను అద్దె కట్టి మరీ తెచ్చుకుంటారు. మన దగ్గర చోటిస్తే చాలు. మందు కొట్టేరోజు గురించి ముందే చెప్పండి, అతను పెట్టెలు మూసుకోవడమో జరుపుకోవడమో చేస్తాడు.

తేనె కొనేటప్పుడు

తేనెకు గిట్టుబాటు ధర లేకపోతే పెట్టెలవాడు ఆ పని మానేస్తాడు. ధర పడిపోవడానికి చక్కెర పాకం కల్తీ ఒక కారణం. 2020లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సంస్థ 13 బ్రాండ్ల తేనెను పరీక్ష చేయించింది. జర్మనీలో చేయించిన అధునాతన పరీక్షలో నెగ్గినవి 3 మాత్రమే. నీళ్లలో చుక్క వేయడం, వత్తి తడిపి వెలిగించడం లాంటి ఇంటి పరీక్షలకు ఇలాంటి కల్తీ దొరకదు. తేనె గడ్డకడితే కల్తీ అనుకోవడమూ తప్పే, మంచి తేనె కూడా గడ్డకడుతుంది.

మరి ఎక్కడ కొనాలి? మీ దగ్గర్లో పెట్టెలు పెంచేవాళ్లుంటే వాళ్ల దగ్గరే కొనండి. లేదంటే 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ దుకాణాలున్నాయి. అడవి తేనె అయితే ఎలా తీశారో అడగండి. పట్టంతా కోసి పిండితే పిల్ల ఈగలు చచ్చిపోతాయి, గూడు పాడవుతుంది. తేనె ఉన్న భాగం మాత్రమే కోసి, పిల్లలున్న భాగం వదిలేస్తే ఈగలు మళ్లీ కట్టుకుంటాయి. ఇలా తీసిన తేనెకు కిలోకు నాలుగు రూపాయలు ఎక్కువిచ్చే వ్యాపారి, ఆ ధర పెట్టి కొనే ఇల్లాలు ఉంటే అడవిలో తీసేవాడూ పద్ధతి మార్చుకుంటాడు.

తేనె అమ్మే వ్యాపారులకూ ఒక మనవి. మూడొంతుల గదులు మైనంతో మూసుకున్న పట్టు నుంచే తేనె తీయమని పట్టుబట్టండి. తేమ 20 శాతం మించితే తేనె పులుస్తుంది. ఏ ఊరి తేనె, ఏ పూత తేనె అన్నది సీసా మీద రాయండి. నమ్మకం ఉంటే గిరాకీ అదే వస్తుంది.

ఇందులో దేనికీ అప్పు చేయనక్కర్లేదు, ఆఫీసుల చుట్టూ తిరగనక్కర్లేదు. కొట్టు ముందు నిలబడి నోరు తెరిచి అడగాలంతే. ఈసారి మందుకు వెళ్లేముందు ఓ పొద్దున్నే చేలోకి వెళ్లి, పువ్వుల మీద ఈగలు ఎన్ని తిరుగుతున్నాయో చూసి వెళ్లండి.