రాలిన మామిడికాయతో తీపికారపు జాము

ఏప్రిల్, మే నెలలలో ఈదురుగాలి వీచిన మరునాడు మామిడితోటలలో కాయలు చెట్లక్రింద పరచినట్లు పడియుండుట రైతులెల్లరు నెరిగినదే. అట్టి కాయకు వర్తకుడు చెప్పు వెల యేరిన కూలికైనను చాలదు. ఊరగాయకు కొన్ని పోగా తక్కినవి అచ్చటనే క్రుళ్లిపోవుచున్నవి. 2025వ సంవత్సరమున చిత్తూరు ప్రాంతమున తోతాపురి ధర పడిపోయినపుడు చెట్టుననున్న కాయకే గిరాకి లేకపోయెను. ఇక రాలిన కాయ మాట చెప్పనేల? ఇట్టి కాయను ఇంటనే సంవత్సరము పొడుగున నిలువయుండు సరుకుగా మార్చు విధమును ఇచ్చట వివరించుచున్నాము.

మేము గ్రామములలో ఈ జామును చేసి చూపునపుడు గృహిణులు తఱచుగా నడుగు ప్రశ్న యొకటి కలదు: "చక్కెర ప్రియము గదా, సగము వేసిన చాలదా? కారము వేయుచున్నాము గనుక చెడదు గదా?" చాలదు. జామును కాపాడునది కారము కాదు, చక్కెర. బూజును, పులుపును పుట్టించు సూక్ష్మజీవులు నీరు లేనిదే వృద్ధిపొందజాలవు. జాములో నూటికి 65 పాళ్లకు పైగా చక్కెర మొదలగు ఘనపదార్థములున్నచో, మిగిలిన నీటిని చక్కెర పట్టియుంచి వాటికి చిక్కనీయదు. కారము రుచికొఱకు మాత్రమే.

టెంక ముదిరి, కండ లేతపసుపు రంగునకు తిరిగిన పుల్లని కాయ శ్రేష్ఠము. జాము గడ్డకట్టుటకు వలయు పెక్టిను అను జిగురు పదార్థము పండుకన్న కాయలో హెచ్చుగా నుండును. దెబ్బతగిలిన భాగమును కోసివేయవలెను. క్రుళ్లినదానిని పూర్తిగా పారవేయవలెను.

కొలతలు: చెక్కుతీసి తురిమిన కండ 1 కిలో, చక్కెర 1 కిలో, మిరపపొడి 10 గ్రాములు, ఉప్పు 10 గ్రాములు, నూరిన అల్లము 20 గ్రాములు, లవంగములు నాలుగు. బెల్లమైనచో కరగించి వడకట్టవలెను. రంగు మాత్రము నల్లబడును.

ఇనుప, రాగి పాత్రలు పనికిరావు. పులుపు వాటిని తినివేయును. స్టీలు గిన్నెను ముందుగా తూచి, ఆ తూకమును వ్రాసికొనవలెను. తురుమునకు ఒక గ్లాసెడు నీరు చేర్చి సన్నని సెగమీద మెత్తగా నుడికించవలెను. ఆ పిమ్మటనే చక్కెర వేయవలెను. ముందుగా వేసినచో తురుము బిరుసెక్కి ఉడుకదు. చక్కెర కరగిన తరువాత సెగ హెచ్చించి, అడుగంటకుండ కలుపుచుండవలెను. చిక్కబడుచుండగా అల్లము, ఉప్పు, మిరపపొడి, లవంగములు చేర్చవలెను.

దింపవలసిన అదను తెలిసికొనుటకు త్రాసే నమ్మదగినది. గిన్నె బరువు పోను లోపలి సరుకు 1 కిలో 650 గ్రాములకు దిగినపుడు పాకము సిద్ధమైనట్లు. త్రాసు లేనివారు చల్లని పళ్లెములో ఒక చుక్క వేసి, చల్లారిన పిదప వ్రేలితో నెట్టి చూడవలెను. పైన ముడుత పడినచో దింపవచ్చును. ఉష్ణమాపకమున్నచో 105 డిగ్రీల సెంటిగ్రేడు గుర్తు.

గాజుసీసాలను నీటిలో పావుగంట మరగించి, ఆరబెట్టి, అవి వెచ్చగానుండగనే వేడిజామును నింపి బిగువుగా మూతవేయవలెను. తడిచెంచా తగులనీయరాదు. బూజు కనబడినచో పైపొరను తీసివైచి తినుట ప్రమాదకరము; సీసాలోనిదంతయు పారవేయవలెను.

అమ్మదలచువారు 2006వ సంవత్సరపు ఆహార భద్రతా ప్రమాణముల చట్టము ననుసరించి ముందుగా నమోదు చేసికొనవలెను. మొదటిసారి ఒక్క కిలో కండతో చేసి, ఒక సీసాను రెండు నెలలు కదలింపక యుంచి చూడుడు. అది చెడక నిలిచినచో కొలత మీ చేతికి వచ్చినట్లే. అటుపిమ్మట ఈదురుగాలికి రాలిన కాయ అంతయు నష్టము క్రిందకు పోదు.