తలుపులు తెరిచే ఇంజనీర్లు

పదో తరగతి అయ్యాక ఏం చదువుతారని అడిగితే మీలో చాలామంది ఇంజనీరింగ్ అంటారు. మరి మంచి ఇంజనీరు కావడానికి లెక్కలు, భౌతికశాస్త్రం వస్తే సరిపోతుందా? ఇతరుల తెలివిని అడిగి పుచ్చుకోవడం, తన తెలివిని ఇతరులకు పంచడం కూడా రావాలి. పరిశ్రమలు బయటి ఆలోచనలను లోపలికి రానివ్వాలనీ, తమ ఆలోచనలను బయటికి పోనివ్వాలనీ 2003లో హెన్రీ చెస్‌బ్రో అనే అమెరికన్ ఆచార్యుడు ఒక పుస్తకంలో వివరించాడు. ఈ పద్ధతికి 'ఓపెన్ ఇన్నొవేషన్' అని పేరు. కొన్ని దేశాల విద్యార్థులు ఆ పుస్తకంతో పని లేకుండానే దీన్ని చేసి చూపారు.

1991లో ఫిన్లండ్ దేశపు హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ కంప్యూటరును నడిపించే ప్రోగ్రాము ఒకటి రాశాడు. దాన్ని దాచుకోకుండా అందరి ముందూ పెట్టాడు. దేశదేశాల వారు దాన్ని సరిదిద్ది పెంచారు. అదే లినక్స్. మీ ఇంట్లోని ఆండ్రాయిడ్ ఫోనుకు పునాది కూడా అదే.

2007లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థులు కొందరు చవకైన ఇంక్యుబేటరు తయారుచేయబూనారు. నెలలు నిండక పుట్టిన బిడ్డలను వెచ్చగా ఉంచే పెట్టె అది. వారిలో ఒకరు నేపాల్ వెళ్ళి చూస్తే, పట్నం ఆసుపత్రిలో ఇంక్యుబేటర్లు ఖాళీగా ఉన్నాయి! వాటి అవసరమున్న పసికందులు దూరపు పల్లెల్లో ఉన్నారు. అప్పుడు వారు పెట్టె మాట వదిలి, బిడ్డను పడుకోబెట్టే చిన్న సంచి తయారుచేశారు. అందులో మైనం వంటి పదార్థం ఉంటుంది. దాన్ని వేడిచేసి కరిగిస్తే, మళ్ళీ గడ్డకట్టేటప్పుడు గుప్తోష్ణం విడుదల చేస్తూ కొన్ని గంటలపాటు సుమారు 37 డిగ్రీల సెల్సియస్ దగ్గరే నిలుస్తుంది. మీ పాఠంలోని గుప్తోష్ణమే ఇది!

ఆ సంచిని మన దేశంలో పరీక్షించేటప్పుడు ఒక తల్లి, 37 మరీ ఎక్కువేమోనని 30 దగ్గరే ఆపుతానంది. ఆ మాట విని అంకెలు తీసివేశారు. వేడి సరిపోయిందా లేదా అని మాత్రమే తెలిపే గుర్తు పెట్టారు. ఏ ప్రయోగశాలలోనూ దొరకని పాఠం అది.

ఇంజనీరింగ్ కాలేజీ మెట్లెక్కనివారికీ ఈ నేర్పు ఉంటుంది. నల్లగొండ ప్రాంతపు ఆలేరుకు చెందిన చింతకింది మల్లేశం చిన్నతనంలోనే బడి మానిన చేనేత కార్మికుడు. పోచంపల్లి పట్టుచీరకు ఆసు పోయాలంటే మేకుల చుట్టూ దారం చుడుతూ చేతిని సుమారు 9,000 సార్లు ఆడించాలి. తల్లి భుజం నొప్పి చూడలేక ఆయన 1992లో యంత్రం మొదలుపెట్టారు. చివరి చిక్కు ఎంతకీ విడలేదు. 1999లో హైదరాబాదు బాలానగర్‌లో వేరే పనికి వాడే ఒక యంత్రం కదలికను చూడగానే ఉపాయం తట్టింది. గంటల పని గంటన్నరకు తగ్గింది. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది.

ఇక మీ వంతు. మా వినుకొండ వైపు కల్లాల్లో మిరపకాయలు ఆరబోస్తారు. మబ్బు పడితే పట్టాలు కప్పడానికి ఇంటిల్లిపాదీ పరుగులు తీయాలి. తడిసిన కాయకు బూజు పడుతుంది, ధర పడిపోతుంది. ఈసారి కోతల కాలంలో ఒక కల్లానికి వెళ్ళండి. కాయ ఎన్నాళ్ళకు ఆరుతుంది, రోజుకు ఎన్నిసార్లు తిరగవేస్తారు, ఏ పని ఎక్కువ కష్టం అని రైతునూ, కూలికి వచ్చిన అమ్మలనూ అడిగి రాసుకోండి. మీ ఊళ్ళో మిరప లేకపోతే అక్కడి పని ఏదైనా సరే. రాసింది తరగతిలో చదవండి, వేరే ఊరి మిత్రులకూ పంపండి. మీకు తట్టని ఉపాయం వారిలో ఎవరికైనా తట్టవచ్చు.