‘పిచ్చి సర్టిఫికెట్’ ఉంటే మర్డర్ కేసు ఎగిరిపోతుందా?

గుణదల నుంచి ఈ వారం ఎపిసోడ్. మా టీ కొట్ల దగ్గర తరచూ వినపడే మాట ఒకటుంది: "పిచ్చి అని సర్టిఫికెట్ తెచ్చుకుంటే ఏ కేసైనా ఎగిరిపోద్ది." ఇది సినిమా లా. అసలు లా వేరే.

మదనపల్లె గుర్తుందా? 2021 జనవరి 24న, బాగా చదువుకున్న తల్లిదండ్రులే ఇద్దరు కూతుళ్లను చంపారన్న కేసు. పిల్లలు మళ్లీ బతికొస్తారని నమ్మారట. అరెస్టయ్యాక తిరుపతి రుయా డాక్టర్లు చూశారు, తర్వాత వైజాగ్ మానసిక ఆసుపత్రికి పంపారు. వెంటనే వాట్సాప్‌లో "అయిపోయింది, తప్పించుకున్నారు" అని మెసేజ్‌లు.

తప్పించుకోవడం కాదండి. అది వైద్యం కోసం, అది కూడా కస్టడీలోనే. మా కోడింగ్ భాషలో చెప్పాలంటే, కోర్టు రెండు టైమ్‌స్టాంపులు చూస్తుంది.

ఒకటి, నేరం జరిగిన క్షణం. బీఎన్ఎస్ సెక్షన్ 22. 2024 జులై 1కి ముందు ఇదే ఐపీసీ 84. తాను ఏం చేస్తున్నాడో, లేదా అది తప్పని తెలుసుకోలేని స్థితిలో ఉంటేనే మినహాయింపు. జబ్బు పేరు రాసిన కాగితం ఒక్కటే చాలదు. ముందూ వెనకా ఎలా ప్రవర్తించాడో చూస్తారు. పారిపోయాడా? కత్తి దాచాడా? పాత మందుల చీటీలున్నాయా? రుజువు చూపాల్సింది నిందితుడే. కానీ ప్రాసిక్యూషన్ అంత గట్టిగా నిరూపించక్కర్లేదని 1964లోనే దహ్యాభాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

రెండోది, విచారణ జరుగుతున్న ఈ రోజు. తన తరఫున చెప్పుకోగలడా? లేకపోతే బీఎన్ఎస్ఎస్ 367, 368 సెక్షన్లు వస్తాయి. ఆధారాలుంటే కేసు కొట్టేయరు, పాజ్ చేస్తారు. కోలుకున్నాక మళ్లీ ప్లే.

సెక్షన్ 22 కింద నిర్దోషి అన్నా నేరుగా ఇంటికి పంపాలని లేదు. కస్టడీలోనే ఉంచొచ్చు, లేదా బంధువుల హామీ మీద అప్పగించొచ్చు.

నాకైతే భయం ఆ పాజ్ బటన్ గురించే. అస్సాంలో ఒకాయన్ని 1951లో అరెస్ట్ చేసి మెంటల్ ఆసుపత్రికి పంపారు. 1967లో డాక్టర్లు బాగయ్యాడన్నారు. బయటికొచ్చింది 2005లో! 54 ఏళ్లు, విచారణే లేదు. ప్లే నొక్కేవాళ్లే లేరు.

మీకు తెలిసిన ఎవరికైనా ఇలాంటి పరిస్థితి వస్తే పాత చీటీలు, డిశ్చార్జ్ కాగితాలు మొదటి రోజే లాయర్‌కి ఇవ్వండి. వైద్య పరీక్ష చేయించమని మేజిస్ట్రేట్‌ని అడగొచ్చు. లాయర్‌కి డబ్బుల్లేవా? న్యాయ సేవాధికార సంస్థ నంబర్ 15100, ఉచితం. వైజాగ్ ఆసుపత్రి మనకి దాదాపు 350 కిలోమీటర్లు కదా, వాయిదా తేదీలు మాత్రం ఇంట్లో ఒకరు ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి.