కారు ఇంజను వేడెక్కుట – కారణమును కనిపెట్టు విధము

మే నెలలో పెద్దపల్లి ప్రాంతమున పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెంటిగ్రేడుకు చేరు దినములు కలవు. పొరుగున నున్న రామగుండము తెలంగాణములో మిక్కిలి ఎండ కాయు తావులలో ఒకటి. అట్టి దినములలో హైదరాబాదు నుండి కరీంనగర్, పెద్దపల్లి మీదుగా రామగుండము పోవు రాజీవ్ రహదారిపై బానెట్ ఎత్తి నిలిపిన కారు కనబడినచో, "ఎండకు ఇంజను వేడెక్కినది" అని చూచువారు అనుకొందురు. ఈ మాటలో సత్యము కొంత మాత్రమే కలదు. అదే ఎండలో, అదే రోడ్డుపై తక్కిన కార్లన్నియు పోవుచునే యున్నవి. కావున అసలు కారణమును ఆ కారులోనే వెదకవలెను. వెదకుటకు పనిముట్ల కంటె ముందు కావలసినది ఒక ప్రశ్న: ఇంజను ఎప్పుడు వేడెక్కుచున్నది?

ఉష్ణము ఎక్కడికి పోవును?

సిలిండరులో పెట్రోలు మండునపుడు వాయువుల ఉష్ణోగ్రత 2000 డిగ్రీలను దాటును. ఇట్లు పుట్టిన శక్తిలో చక్రములను త్రిప్పుటకు ఉపయోగపడునది ఇంచుమించు మూడవ వంతు లేక అంతకు తక్కువ. మరియొక మూడవ వంతు పొగగొట్టము గుండ వెలుపలికి పోవును. మిగిలిన భాగము ఇంజను గోడలకు సంక్రమించును. దానిని ఎప్పటికప్పుడు తొలగింపనిచో లోహము వ్యాకోచించి పిస్టనులు బిగిసిపోవును.

ఇది కారుకు మాత్రమే గల చిక్కు కాదు. రామగుండములో 1983లో మొదటి యూనిట్ పనిచేయ నారంభించిన ఎన్.టి.పి.సి. కేంద్రమున గూడ, బొగ్గు నుండి వచ్చు ఉష్ణములో సగమునకు పైగా విద్యుత్తుగా మారదు. అందులో పెద్ద భాగమును నీటితోనే తొలగింపవలెను. ఉష్ణమును పనిగా మార్చు యంత్ర మేదైనను కొంత ఉష్ణమును విడిచిపెట్టక తప్పదు.

కార్ల్ బెంజ్ 1886లో పేటెంటు పొందిన కారులో నీరు ఊరక మరిగి ఆవిరియై పోయెడిది. మరల మరల నీరు పోయవలసి వచ్చెడిది. నేటి కారులో నీరు గాని, నీటితో గ్లైకాలు కలిపిన కూలంటు గాని మూసిన మార్గములో తిరుగుచుండును. పంపు దానిని ఇంజను లోపలికి నెట్టును. అచ్చట వేడెక్కిన ద్రవము రేడియేటరులోని సన్నని గొట్టములలో ప్రవహించి, గాలికి ఉష్ణము నిచ్చి చల్లబడి తిరిగివచ్చును. నడుమ థర్మోస్టాటు అను కవాటము కలదు. అందులోని మైనము సుమారు 85 డిగ్రీల వద్ద కరగి వ్యాకోచించుటచే కవాటము తెరచుకొని, ద్రవము రేడియేటరునకు పోవును. రేడియేటరు మూత ప్రెజర్ కుక్కరు మూత వంటిది. లోపల పీడనమును పెంచి, ద్రవము 100 డిగ్రీల వద్ద మరగకుండ చేయును.

ఎండ పాత్ర ఎంత?

వేడి వస్తువు ఉష్ణమును కోల్పోవు రేటు, దానికిని చుట్టునున్న గాలికిని గల ఉష్ణోగ్రతా భేదమును అనుసరించి యుండును. రేడియేటరు 95 డిగ్రీల వద్ద నున్నదనుకొందము. గాలి 25 డిగ్రీలైనపుడు భేదము 70 డిగ్రీలు. 45 డిగ్రీలైనపుడు 50 డిగ్రీలు మాత్రమే. అనగా చలికాలములో 100 పాళ్లు పోవు ఉష్ణము మే నెలలో సుమారు 71 పాళ్లే పోవును. మంచి స్థితిలో నున్న కారు ఈ తగ్గుదలను తట్టుకొనునట్లే నిర్మింపబడును. రేడియేటరు సగము పూడుకొనిపోయిన కారు జనవరిలో ఎట్లో నెట్టుకొనివచ్చి మే నెలలో ఆగిపోవును. ఎండ లోపమును కల్పింపదు. దాగియున్న లోపమును బయటపెట్టును.

సమయమును బట్టి కారణము

ఇంజను పూర్తిగా చల్లారిన పిమ్మట మొదట చూడవలసినది ద్రవము మట్టము. అది తగ్గినచో రబ్బరు గొట్టముల కీళ్లు, రేడియేటరు, పంపు వద్ద కారుడు జాడలను వెదకవలెను. మట్టము సరిగా నున్నచో ఈ క్రింది విధముగ ఆలోచింపవచ్చును.

బస్టాండు వద్ద రద్దీలో గాని, రైల్వే గేటు వద్ద గాని నిలిచినపుడు వేడెక్కి, రోడ్డుపై వేగముగ పోవునపుడు చల్లబడుచున్నచో ఫ్యానును అనుమానింపవలెను. వేగముగ పోవు కారునకు ఎదురుగాలి తనంతట లభించును. నిలిచిన కారునకు ఫ్యానే గతి. ఫ్యాను మోటారు, ఫ్యూజు, రిలే, ఉష్ణోగ్రతను తెలుపు సెన్సారు – వీనిని వరుసగా పరీక్షింపవలెను. పెక్కు కార్లలో ఏసీ వేసినపుడు ఫ్యాను తిరుగవలెను. తిరుగనిచో తప్పు అచ్చటనే కలదు.

నిలిచినపుడు బాగుండి, వేగములో గాని బరువుతో ఎత్తు ఎక్కునపుడు గాని వేడెక్కుచున్నచో ఫ్యాను దోషము కాదు. ఇంజను ఎక్కువ ఉష్ణము పుట్టించునపుడు దానిని మోసుకొనిపోవు శక్తి చాలుట లేదన్నమాట. రేడియేటరు రేకుల మధ్య వరి పొట్టు, దూది పోగులు, పురుగులు, బొగ్గు ధూళి చేరి గాలికి అడ్డుపడుచుండవచ్చును. లోపల బోరు నీటి లవణములు తెల్లని గట్టి పొరగా పేరుకొనియుండవచ్చును. ఈ పొర ఉష్ణమును లోహము వలె సులభముగ పోనీయదు. పంపు రెక్కలు అరిగియుండుటయు మరియొక కారణము.

చల్లని ఇంజనును నడిపిన కొద్ది నిమిషములకే ముల్లు ఎర్రగీతకు చేరి, రేడియేటరు పై గొట్టము వేడిగాను క్రింది గొట్టము చల్లగాను ఉన్నచో థర్మోస్టాటు మూసుకొని బిగిసియుండవచ్చును. ద్రవము మార్చిన వెంటనే ఇట్లు జరిగినచో లోపల గాలి చిక్కుకొనినదేమో చూడవలెను.

వెలుపల చుక్కయైనను కారకుండ ద్రవము తగ్గుట అన్నిటికంటె చెడు సూచన. ఇంజను తలకును దిమ్మెకును నడుమ నుండు గాస్కెట్ చెడి, ద్రవము సిలిండరులోనికి పోవుచుండవచ్చును. ఎడతెగని తెల్లని పొగ, పాలు కలిపిన టీ రంగుకు మారిన ఆయిలు, రేడియేటరులో బుడగలు – ఇవి దాని గుర్తులు. ఒక గుర్తును మాత్రమే చూచి తీర్పు చెప్పరాదు.

ముల్లును గూడ గుడ్డిగ నమ్మరాదు. ద్రవమంతయు కారిపోయినచో సెన్సారు గాలిలో మిగిలిపోయి, ఇంజను మండుచున్నను ముల్లు క్రిందికి దిగవచ్చును. ఎర్రగీత వద్ద నున్న ముల్లు హఠాత్తుగా పడిపోయినచో సంతోషింపక వెంటనే కారు నాపవలెను.

చేయరాని పనులు

వేడిగా నున్న రేడియేటరు మూతను ఎన్నడును తెరువరాదు. పీడనములో 115 డిగ్రీల వద్ద నున్న నీరు, మూత తీయగానే 100 డిగ్రీలకు దిగవలెను. ఆ 15 డిగ్రీల ఉష్ణము నీటిలో కొంత భాగమును క్షణములో ఆవిరిగా మార్చును. గ్రాము నీటిని ఆవిరి చేయుటకు 540 కెలోరీలు కావలెను గనుక, లీటరు నీటిలో సుమారు 28 గ్రాములు ఆవిరియగును. ఆ ఆవిరి ఆక్రమించు చోటు 45 లీటర్లకు పైన! అయిదు లీటర్లు గల రేడియేటరు నుండి ఎంత ఆవిరి మరుగు నీటిని చిమ్ముకొని వచ్చునో విద్యార్థులే లెక్క కట్టవచ్చును. ముఖము, చేతులు కాలుటకు ఒక్క క్షణము చాలును.

కాగిన ఇంజనుపై చన్నీరు పోయుటయు తప్పే. లోహము ఒక ప్రక్క హఠాత్తుగా ముడుచుకొని పగులవచ్చును. ఏసీ ఆపి, నీడ పట్టున కారు నిలిపి, ఇంజను ఆపి, కనీసము అరగంట వేచియుండవలెను. అట్లుగాక "ఇంక కొంచెమే దూరము" అని నడిపినచో నష్టము పెద్దది. అల్యూమినియము ఇనుము కంటె రెండింతలు వ్యాకోచించును. 40 సెంటీమీటర్ల అల్యూమినియము తల 100 డిగ్రీలు అదనముగ వేడెక్కినచో ఇంచుమించు 0.9 మిల్లీమీటరు పెరుగును. ఇనుప దిమ్మె అందులో సగమే పెరుగును. బోల్టులతో బిగించిన ఆ రెండింటి పెనుగులాటలో తల వంకరపోవును. కొద్ది వందల రూపాయల గొట్టముతో తీరవలసిన పని ఇంజను విప్పుట వరకు పోవుట ఇందువలననే.

తరగతిలో చేయదగిన ప్రయోగము

ఒకే విధమైన రెండు స్టీలు గ్లాసులలో సమానముగ వేడినీరు పోసి, ఒకదానిని ఫ్యాను క్రింద, రెండవదానిని గాలి లేనిచోట ఉంచవలెను. పది నిమిషముల వరకు నిమిష నిమిషమునకు ఉష్ణోగ్రతలను వ్రాసి గ్రాఫు గీయించినచో ఫ్యాను చేయు మేలు తెలియును. పిమ్మట ఒక గ్లాసును చల్లని నీటి బకెట్టులోను, రెండవదానిని గోరువెచ్చని నీటి బకెట్టులోను ఉంచి చూచినచో ఎండ చేయు కీడు తెలియును. ఒక్కొక్కసారి ఒక్క పరిస్థితిని మాత్రమే మార్చవలెనను నియమమును విద్యార్థులకు ఇచ్చటనే చెప్పవచ్చును. మంచి మెకానిక్ చేయునదియు అదియే. గొట్టము, పంపు, రేడియేటరు అన్నిటిని ఒకేసారి మార్చినవానికి డబ్బు ఖర్చగును గాని లోప మెచ్చట నుండెనో ఎన్నటికిని తెలియదు.